నడుం ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు: ఖమ్మం, భద్రాచలం వైపు వాళ్ళు తరచూ అడిగే ప్రశ్నలు

భద్రాచలం, కొత్తగూడెం, ఇల్లెందు బస్టాండ్లలో హైదరాబాద్ బస్సు కోసం చూసేవాళ్ళలో, చంకలో పొడవాటి ఎమ్మారై కవరు పెట్టుకున్న పెద్దవాళ్ళు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. మిరప కోతలు, తునికాకు సేకరణ, పోడు పని, బొగ్గు బాయి పనిలో ముప్పై నలభై ఏళ్ళు నడుం వంచినవాళ్ళు వీళ్ళు. ఈ మధ్య వాళ్ళ నోట వినిపిస్తున్న మాట 'చిన్న కోత ఆపరేషన్'. ఆ కోత పొడవు కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు చాలా ఉన్నాయి. జబ్బు సంగతీ, రోగి హక్కుల సంగతీ కలిపే చూద్దాం.

మా నాన్నకు 66 ఏళ్ళు. 'నరం నొక్కుకుపోయింది, కాలువ సన్నబడింది' అన్నారు. అంటే ఏమిటి?

వెన్నుపూసల వెనక నరాలు దిగే దారి ఒకటుంటుంది. వయసు మీదపడేకొద్దీ డిస్కు ఉబ్బుతుంది, కీళ్ళు లావెక్కుతాయి, వెనకనున్న లిగమెంటు మందమవుతుంది. అన్నీ కలిసి ఆ దారిని ఇరుకు చేస్తాయి. నడుం భాగంలో ఇలా జరిగితే లంబార్ కెనాల్ స్టెనోసిస్ అంటారు. ఎక్కువగా నాలుగు, ఐదు నడుం పూసల మధ్య, అంటే రిపోర్టులో ఎల్4–ఎల్5 అని ఉండేచోట కనిపిస్తుంది.

దీని అసలు లక్షణం నడుంలో కన్నా కాళ్ళలో తెలుస్తుంది. కాసేపు నడిచినా, నిలబడినా పిక్కలు లాగుతాయి, తిమ్మిర్లెక్కుతాయి. కూర్చుంటే, ముందుకు వంగితే తగ్గిపోతుంది. అందుకే అరకిలోమీటరు నడవలేని మనిషి సైకిలు మాత్రం హాయిగా తొక్కగలడు. డాక్టరు మీ నాన్నను 'ఎంతదూరం నడవగలుగుతున్నారు, ఏం చేస్తే తగ్గుతోంది' అని అడగకుండా ఎమ్మారై ఒక్కటే చూసి ఆపరేషన్ అన్నారా? అయితే ఆగండి. ఏ బాధా లేని పెద్దవాళ్ళకు ఎమ్మారై తీసినా చాలామందిలో ఇరుకు కనిపిస్తుంది. చుట్ట, బీడీ అలవాటున్నవాళ్ళకు కాలి రక్తనాళాలు పూడుకుపోయినా దాదాపు ఇలాగే పిక్కలు పట్టేస్తాయి. కాకపోతే వాళ్ళకు వంగకుండా ఊరికే నిలబడినా తగ్గుతుంది. పాదం మీద నాడి పట్టి చూడటానికి అర నిమిషం చాలు, చూశారో లేదో గమనించండి.

నల్లగొండ లాంటి ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతంలో ఏళ్ళతరబడి ఉన్నవాళ్ళయితే ఆ సంగతి తప్పక చెప్పాలి. ఫ్లోరోసిస్‌లో లిగమెంట్లే ఎముకలా గట్టిపడతాయి. ఆ వెన్నుకు ఆపరేషన్ వేరు, ప్రమాదం కూడా ఎక్కువే.

వెంటనే చేయించుకోకపోతే కాళ్ళు పడిపోతాయని భయపెడుతున్నారు. నిజమేనా?

ఎక్కువమందిలో నిజం కాదు. ఇది నెమ్మదిగా నడిచే జబ్బు. కొందరికి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, కొందరికి కొంత తగ్గుతుంది కూడా. 2015లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆపరేషన్‌కు ఒప్పుకున్న 169 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఇంకో గుంపుకు ఫిజియోథెరపీ ఇచ్చారు. రెండేళ్ళకు నడక, పనితీరు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. అయితే ఫిజియోథెరపీకి కేటాయించినవాళ్ళలో సగానికి పైగా మధ్యలో ఆపరేషన్‌కు వెళ్ళిపోయారు. కాబట్టి కసరత్తే చాలు, కత్తి అక్కర్లేదు అని దీన్నుంచి తేల్చలేం. ఆలోచించుకోవడానికి టైము ఉందని మాత్రం తేలుతుంది.

టైము లేని సందర్భాలు వేరే ఉన్నాయి. మూత్రం ఆగిపోవడం, తెలియకుండా మూత్రం, మలం పోవడం, కూర్చునే భాగం మొద్దుబారడం, పాదం పైకి లేవకుండా వాలిపోవడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. నరాల కట్ట నలిగిపోతోందని దానర్థం, రోజుల లెక్క పనికిరాదు.

వెన్నులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి కూడా ఒక మాట. 400 మంది మీద జరిగిన అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. మత్తుమందు ఒక్కటే ఇచ్చినవాళ్ళకూ, దాంతో పాటు స్టెరాయిడ్ కలిపి ఇచ్చినవాళ్ళకూ ఆరు వారాలకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒకసారి వేయించుకుని చూడటం తప్పు కాదు. నెలనెలా వేయించుకుంటూ పోతుంటే మాత్రం ఎందుకని అడగాలి.

చిన్న కోత, కీహోల్, ఎండోస్కోపీ, లేజర్ అంటూ ఒక్కో ఆసుపత్రి ఒక్కో పేరు చెబుతోంది. ఏది మంచిది?

అన్నింటి పనీ ఒకటే, నరం మీది ఒత్తిడి తీసేయడం. తేడా అంతా అక్కడికి చేరుకునే దారిలో ఉంది.

పాత పద్ధతి ఓపెన్ లామినెక్టమీ. నడుం మధ్యలో కోసి, కండరాలను రెండు వైపులకూ ఒత్తి, పూస వెనక పెచ్చును తీసేస్తారు. దారి బాగా విశాలమవుతుంది, కండరం దెబ్బతింటుంది. ఇప్పటికీ కొన్ని సంక్లిష్టమైన కేసులకు ఇదే సరైనది.

దాని తర్వాత వచ్చింది మైక్రోస్కోపు కింద, చిన్న గొట్టం గుండా చేసే పద్ధతి. ఒకవైపు నుంచే లోపలికి వెళ్ళి రెండు వైపులా ఒత్తిడి తీయవచ్చు. ఎండోస్కోపీలో కెమెరా వెళ్తుంది, ఒక రంధ్రంతో గానీ రెండు రంధ్రాలతో గానీ చేస్తారు. రెండు రంధ్రాలదాన్నే యూబీఈ అంటున్నారు. హైదరాబాద్ స్పైన్ సర్జన్ల దగ్గర ఇప్పుడు బాగా వినిపించే పేరు ఇదే. ఎండోస్కోపీ తర్వాత మొదటి రోజుల్లో నొప్పి కొంత తక్కువ, ఇంటికి త్వరగా వెళ్ళొచ్చు. కానీ ఏడాది తర్వాత నడకను పోల్చి చూసిన అధ్యయనాల్లో మైక్రోస్కోపు పద్ధతికీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు. నార్వేలో 437 మందికి మూడు రకాల చిన్న కోత పద్ధతుల్లో ఒకదాన్ని కేటాయించి చూశారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండేళ్ళకు మూడూ సమానమే. నా అభిప్రాయంలో ఇక్కడ యంత్రం కంటే చెయ్యి ముఖ్యం. 'ఈ పద్ధతిలో మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మధ్యలో ఓపెన్‌కు మార్చాల్సి వచ్చినవి ఎన్ని?' అని అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు.

రెండు పూసల ముళ్ళ మధ్య చీలలా ఒక పరికరాన్ని దూర్చే పద్ధతి కూడా ఉంది. దీన్ని ఒకప్పుడు గొప్పగా ప్రచారం చేశారు. ఎక్స్-స్టాప్ అనే పరికరానికి అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది, పదేళ్ళకు తయారీదారే మార్కెట్ నుంచి వెనక్కు తీసుకున్నాడు. నెదర్లాండ్స్‌లో 159 మంది మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, ఇలాంటి పరికరం వేసినవాళ్ళలో 29 శాతం మందికి మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మామూలుగా ఒత్తిడి తీసినవాళ్ళలో అది 8 శాతమే.

ఇక లేజర్. మందమైన లిగమెంటునూ, పెరిగిన ఎముకనూ తొలగించాల్సిన జబ్బు ఇది. బోర్డు మీద 'లేజర్‌తో, కుట్లు లేకుండా' అని రాసి ఉంటే, ఎముకను దేనితో తీస్తారని అడగండి. జవాబులో డ్రిల్లు, పంచ్ అనే మాటలు వస్తే లేజర్ బోర్డుకే పరిమితమని అర్థం చేసుకోవచ్చు.

ఒత్తిడి తీయడంతో పాటు స్క్రూలు, రాడ్లు కూడా వేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

అన్నిటికంటే గట్టిగా నిలదీయాల్సిన చోటు ఇదే. స్క్రూలు వచ్చాయంటే బిల్లు ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆపరేషన్ సమయం, రక్తస్రావం కూడా పెరుగుతాయి. చిన్న కోతల్లోంచి స్క్రూలు వేసే పద్ధతి కూడా ఉంది కాబట్టి, 'కోత చిన్నదే' అన్నంత మాత్రాన ఆపరేషన్ చిన్నది కాదు.

స్వీడన్‌లో 247 మంది మీద జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. ఒత్తిడి తీయడం ఒక్కటే చేసినవాళ్ళకూ, దాంతో పాటు పూసలను బిగించినవాళ్ళకూ రెండేళ్ళకు గానీ ఐదేళ్ళకు గానీ ఫలితంలో తేడా లేదు. 'మీకు పూస ముందుకు జరిగింది, అందుకే స్క్రూలు' అని చెబుతారు కదా, ఆ సంగతి విడిగా నార్వేలో పరీక్షించారు. అలా పూస జరిగిన 267 మందిలో, ఒత్తిడి మాత్రమే తీసినవాళ్ళలో 71.4 శాతం మంది, బిగించినవాళ్ళలో 72.9 శాతం మంది రెండేళ్ళకు తగినంత మెరుగయ్యారు. 2021 నాటి ఫలితం ఇది. దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. అమెరికాలో 66 మందితో జరిగిన చిన్న అధ్యయనంలో బిగించినవాళ్ళకు స్వల్పంగా మేలు కనిపించింది. అంటే డాక్టర్లలోనే రెండు వాదాలున్నాయి, ఆ ముక్క రోగికి చెప్పి తీరాలి. పూడిక తీస్తే పారే పంటకాలువకు కాంక్రీటు లైనింగ్ ఎందుకని రైతు అడుగుతాడు కదా, అలాగే అడగాలి.

స్క్రూలు నిజంగా అవసరమయ్యే సందర్భాలున్నాయి. వంగినప్పుడు, నిటారుగా నిలబడినప్పుడు తీసిన ఎక్స్‌రేల్లో పూస అటూ ఇటూ కదులుతుంటే, వెన్ను పక్కకు వంకర తిరిగితే, ఒత్తిడి తీయడానికి కీలు మొత్తం తీసేయాల్సి వస్తే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: 'వంచి తీసిన ఎక్స్‌రే ఏది?' అది తీయకుండానే స్క్రూల ఎస్టిమేట్ చేతికొస్తే ఇంకో డాక్టరును కలవండి.

సమ్మతి పత్రం ఇంగ్లిషులో ఉంది. 'ఊరికే ఫార్మాలిటీ, సంతకం పెట్టండి' అన్నారు.

ఫార్మాలిటీ కాదు. సమీరా కోహ్లి కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. చికిత్స ఏమిటి, ఎందుకు, ప్రత్యామ్నాయాలేమిటి, ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి చెప్పి తీసుకున్నదే చెల్లే సమ్మతి. ఒకదానికి ఇచ్చిన సమ్మతి మరోదానికి పనికిరాదు, ప్రాణాపాయం ఉంటే తప్ప. ఒత్తిడి తీయడానికి సంతకం పెట్టించుకుని, థియేటర్లో స్క్రూలు వేసేయడం కుదరదన్నమాట.

జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రం ప్రకారం, రోగికి అర్థమయ్యే భాషలో వివరించాలి. మీవాళ్ళకు కోయ భాషే సరిగ్గా వస్తుందనుకోండి, ఆ భాష తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టి చెప్పమని అడగొచ్చు.

కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. చాలా ఫారాల్లో ఆపరేషన్ పేరు దగ్గర ఖాళీ గీత ఉంటుంది, సంతకం అయ్యాక నింపుతారు. ఆ గీత మీద ఏ పూసల మధ్య, ఏ వైపు, ఏ పద్ధతి, స్క్రూలు ఉన్నాయా లేదా, అవసరమైతే ఓపెన్‌కు మారుస్తారా అన్నవి రాసిన తర్వాతే సంతకమో, వేలిముద్రో పెట్టండి. నరాల మీది పొర చిరగడం, చీము పట్టడం, మళ్ళీ ఆపరేషన్ కావడం అన్నవి ఏ పద్ధతిలోనైనా ఉండే ప్రమాదాలే. వీటి గురించి ఒక్క ముక్కా చెప్పలేదంటే వివరించనట్టే.

రెండో అభిప్రాయం కోసం రిపోర్టులు అడిగితే ఇవ్వనంటున్నారు.

ఇవ్వాల్సిందే. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం, అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. మూడేళ్ళు భద్రపరచాలి కూడా. అడిగినట్టు రుజువుండాలి కాబట్టి తెల్లకాగితం మీద రాసి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఎమ్మారై ఫిల్ములతో పాటు సీడీ కూడా తీసుకోండి, రెండో డాక్టరుకు అదే ఎక్కువ పనికొస్తుంది. స్క్రూలు వేయించుకుంటే వాటి ప్యాకెట్ మీది స్టిక్కర్లు కేస్ షీటులో అంటించాలి, వాటి జిరాక్సు మీ దగ్గరుంచుకోండి. మోకాలి ఇంప్లాంట్లకూ, గుండె స్టెంట్లకూ కేంద్రం 2017లో ధరల పరిమితి పెట్టింది గానీ వెన్ను స్క్రూలకు అలాంటి పరిమితి లేదు. అందుకే స్టిక్కరూ, ఎమ్మార్పీ, బిల్లు మూడూ సరిపోల్చుకోవాలి.

మాది ఎటపాక. భద్రాచలం పక్కనే ఉంటాం. తెలంగాణ ఆరోగ్యశ్రీ మాకు వర్తిస్తుందా?

ఈ సరిహద్దు చిక్కు 2014 నాటిది. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు, మీ ఎటపాక వెళ్ళిపోయాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. ఆసుపత్రి తెలంగాణలో, రేషన్ కార్డు ఆంధ్రలో అయిపోయింది. మీ కార్డు ఆంధ్రదైతే మీకు వర్తించేది ఎన్టీఆర్ వైద్య సేవ. ఆ పథకం జాబితాలో రాష్ట్రం బయటి ఆసుపత్రులు కొన్ని ఉంటాయి గానీ, మీరు వెళ్ళే ఆసుపత్రి, మీకు చెప్పిన ఆపరేషన్ రెండూ అందులో ఉన్నాయో లేదో 104కు ఫోన్ చేసి ముందే తెలుసుకోండి.

తెలంగాణ కార్డు ఉన్నవాళ్ళకు ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. 'వెన్ను ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉందా' అని అడిగితే ఉందనే అంటారు, అది చాలదు. డాక్టరు రాసిన ఆపరేషన్ పేరు ఆసుపత్రిలో పథకం పని చూసే ఆరోగ్యమిత్రకు చూపించి, దానికి సరిపోయే ప్యాకేజీ కోడ్ ఏమిటో, ముందస్తు అనుమతి వచ్చిందో లేదో అడగండి.

రాష్ట్రం దాటినా చెల్లేది ఆయుష్మాన్ భారత్ కార్డు. ఏడాదికి 5 లక్షలు, ఏ రాష్ట్రంలోనైనా నమోదైన ఆసుపత్రిలో వాడుకోవచ్చు. సుక్మా, కుంట వైపు నుంచి వచ్చేవాళ్ళకూ ఇదే దారి. 70 ఏళ్ళు దాటినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఆధార్‌తో ఇచ్చే వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. వయసు మీదపడేకొద్దీ ఈ జబ్బు ఎక్కువ కాబట్టి, ఇంట్లో ముసలివాళ్ళకు నొప్పి లేనప్పుడే తీసి పెట్టడం నయం. సమాచారానికి 14555.

సింగరేణి వాళ్ళకు కంపెనీ ఆసుపత్రి రెఫరల్ దారి ఎలాగూ తెలుసు. ఏ పథకమూ లేకపోతే, నిమ్స్‌లో చికిత్సకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ముందస్తుగా ఇచ్చే ఎల్‌ఓసీ అనే హామీ పత్రానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. డాక్టరు ఇచ్చిన అంచనా పత్రం ఉంటేనే పని జరుగుతుంది.

ప్రైవేటు బీమా ఉంది. కంపెనీ 'పాత జబ్బు' అని తిరస్కరించింది.

పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకు వేచి ఉండే గడువు ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్ళే. ఐదేళ్ళు నిరాటంకంగా కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, 'చెప్పలేదు' అనే కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదు. నగదు రహిత అనుమతిపై ఒక గంటలో, డిశ్చార్జి బిల్లుపై మూడు గంటల్లో బీమా కంపెనీ తేల్చాలని నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. రోబో సర్జరీకీ, ఆపరేషన్ జరుగుతుండగా నరాలను కనిపెట్టే మానిటరింగ్‌కూ కొన్ని పాలసీల్లో ఉపపరిమితి ఉంటుంది, ఎస్టిమేట్‌లో అవి కనిపిస్తే పాలసీ తిరగేయండి. కంపెనీ నెలలో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ తనే కారు పెట్టి హైదరాబాద్ తీసుకెళ్తానంటున్నాడు.

అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది అతనే, కాదనను. కానీ ఏ ఆసుపత్రికి, ఎందుకని అడగండి. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం డాక్టర్లకు 2002 నియమావళి ప్రకారం నిషిద్ధం. ఆ కమీషన్ చివరికి చేరేది మీ బిల్లులోకే.

పథకం కింద చేర్చుకుని, పైన డబ్బు కట్టమన్నారు. ఎవరికి చెప్పాలి?

ముందు రసీదు అడగండి. రసీదు లేకుండా కట్టొద్దు. ఆరోగ్యమిత్రకూ, 104కూ అక్కడి నుంచే ఫిర్యాదు చేయండి, డిశ్చార్జి అయ్యాక పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఖమ్మం, కొత్తగూడెం కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణి ఉంటుంది, గిరిజనులైతే భద్రాచలం ఐటీడీఏలోనూ అర్జీ ఇవ్వొచ్చు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ చూసేది జిల్లా వైద్యాధికారి కార్యాలయం కాబట్టి ఒక కాపీ అక్కడికి కూడా పంపండి. బిల్లు తగాదా పేరుతో రోగినిగానీ, మృతదేహాన్నిగానీ ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు.

ఆపరేషన్ అయింది, నొప్పి తగ్గలేదు. కేసు వేయొచ్చా?

నొప్పి తగ్గకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు, జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఏళ్ళుగా నలిగిన నరానికి తిమ్మిరి కొంత మిగిలిపోవచ్చు, నడుం నొప్పి అసలు తగ్గకపోవచ్చు. ఈ ఆపరేషన్ ప్రధానంగా కాళ్ళ బాధకు. తప్పు పూస దగ్గర కోయడం, సమ్మతి లేకుండా స్క్రూలు వేయడం, చీము పట్టినా చూడకపోవడం లాంటివైతే వేరు. డబ్బు కట్టి పొందిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలింది. హైదరాబాద్‌లో జరిగిన ఆపరేషన్‌కైనా మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 2019 చట్టం ఆ వీలు కల్పించింది. గడువు రెండేళ్ళు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయాలి.

మళ్ళీ మిరప కోతకు వెళ్ళొచ్చా?

స్క్రూలు లేని ఆపరేషన్ అయితే అదే రోజో, మర్నాడో నడిపిస్తారు. వంగడం, మెలితిరగడం, బరువులెత్తడం సాధారణంగా ఆరు వారాలు వద్దంటారు. స్క్రూలు వేస్తే ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. 'కొన్నాళ్ళు రెస్టు' అని రాస్తే సరిపోదు, ఎన్ని వారాలు, ఎన్ని కిలోల దాకా ఎత్తొచ్చో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. చర్ల, దుమ్ముగూడెం లోపలి ఊళ్ళవాళ్ళు కుట్లు విప్పించుకోవడానికి హైదరాబాద్ దాకా వెళ్ళక్కర్లేకపోవచ్చు. ఆ పని దగ్గరి పీహెచ్‌సీలో చేయించుకోవచ్చా, గాయం ఎర్రబడినా, నీరు కారినా, జ్వరం వచ్చినా ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి కూడా అదే కాగితం మీద రాయమనండి.